ఎవరి పాపమని అడగవద్దు



యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలోని పుట్టుగుడ్డివాని వృత్తాంతాన్ని మనం తపస్సుకాలపు పూజలలో వింటూ ఉంటాం. ఆ మనిషిని చూడగానే శిష్యులకు ముందుగా కలిగింది జాలి కాదు, సందేహం. ఈ గుడ్డితనం ఎవరి పాపఫలం, ఇతనిదా, కన్నవారిదా అని గురువును అడిగారు. ఎవరిదీ కాదని ప్రభువు తేల్చి చెప్పారు. దేవుని కార్యం ఇతనిలో వెల్లడి కావాలన్నారు. అంతటితో ఆగక నేలమీద ఉమ్మివేసి, మట్టి కలిపి, ఆ కన్నులకు తమ చేతితోనే పూశారు.

శిష్యులడిగిన ఆ ప్రశ్న ఈనాటికీ మన ఊళ్లను వదలలేదు. గద్వాల చేనేత వాడలోనైనా, వనపర్తి పల్లెలోనైనా, నాగర్‌కర్నూలు వైపు నల్లమల అంచునైనా, పైపెదవి చీలి ఒక శిశువు పుడితే ఆ చీలికకు మనవాళ్లు పెట్టిన పేరే ఒక తీర్పు: గ్రహణం మొర్రి. "గ్రహణం పట్టిననాడు బయటికెందుకు పోయినవు? కత్తిపీట ఎందుకు పట్టినవు?" అని బాలింతను అత్త అడుగుతుంది, ఆడబిడ్డ అడుగుతుంది, చివరకు భర్త కూడ అడుగుతాడు. ఆ తల్లి ఒడిలోని బిడ్డను చూసి తానే నేరస్థురాలినని నమ్ముతుంది. సిలువ గుర్తు వేసుకునే మన ఇండ్లలో కూడ ఈ మాట వినబడుతున్నది. అందుకే ఈ వారం దీనిని గురించి మీతో మాట్లాడదలచాను.

తల్లి గర్భంలో శిశువు పైపెదవి సుమారు నాలుగవ వారం నుండి ఏడవ వారం లోపల ఏర్పడుతుంది. ముఖానికి ఇరుప్రక్కల నుండి కండ పెరిగి వచ్చి నడుమ కలుసుకోవాలి. అంగిలి ఆరవ వారం నుండి తొమ్మిదవ వారం లోపల అలాగే కలుసుకుంటుంది. ఆ కలయిక పూర్తి కాకపోతే చీలిక మిగిలిపోతుంది. ఆ నాటికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతి కూడ సరిగా తెలియదు. వంశంలో ఇంతకుముందు ఉండటం, దగ్గరి రక్తసంబంధంలో పెండ్లిండ్లు, ఫోలిక్ ఆమ్లం లోపం, గర్భిణి పొగాకు, మద్యం వాడటం వంటివి ఈ లోపానికి అవకాశం పెంచవచ్చునని వైద్యులు చెబుతారు. చాలా సందర్భాలలో ఇదీ కారణమని ఒక్కదానిని చూపలేరు. లోకంలో సుమారు 700 కాన్పులకు ఒక బిడ్డ ఇలా పుడుతున్నది. సూర్యచంద్రులకు పట్టే గ్రహణానికి ఇందులో ఏ పాత్రా లేదు.

నిందకు వెరచి తల్లి బిడ్డను కొంగుచాటున దాస్తుంది. ప్రమాదమంతా అక్కడే ఉన్నది. అంగిలి చీలిన పసికందు రొమ్మును గట్టిగా చప్పరించలేదు. పాలు ముక్కులో నుండి బయటికి వస్తాయి. బిడ్డ అలసి, ఆకలితోనే నిద్రపోతుంది, రోజురోజుకు చిక్కిపోతుంది. ప్రాణం తీసేది మొర్రి కాదు, ఆకలి. బిడ్డను ఒడిలో నిటారుగా పట్టుకొని, తల్లిపాలు పిండి, ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో కొద్దికొద్దిగా పట్టాలి. నడుమ నడుమ భుజాన వేసుకొని త్రేన్పు రానివ్వాలి. పెదవికి సాధారణంగా మూడు నుండి ఆరు నెలల మధ్య, అంగిలికి తొమ్మిది నుండి పద్దెనిమిది నెలల మధ్య శస్త్రచికిత్స చేస్తారు. మాటలు కుదిరే వయసుకు ముందే అంగిలి మూసుకోవాలి. ఆలస్యమైతే మాట ముక్కుతో పలికినట్లే ఉండిపోతుంది. తరువాత కూడ మాటల శిక్షణ, చెవుల పరీక్ష, పండ్ల వరుస చూపించుకోవడం ఉంటాయి.

ముఖాన్ని దాచే అలవాటు మన ఒక్కరిదే కాదు. పశ్చిమ ఆఫ్రికా దేశాలలో నోమా అనే వ్యాధి ఉన్నది. సరైన తిండి లేక, తట్టు వంటి జబ్బులతో నీరసించిన చిన్నపిల్లలకు అది చిగురు మీద పుండుగా మొదలై, కొద్దిరోజులలోనే చెంపను, దవడను తినివేస్తుంది. చికిత్స అందకపోతే పదిమందిలో తొమ్మిదిమంది దాకా మరణిస్తారు. మొదట్లోనే గుర్తిస్తే సాధారణ యాంటీబయాటిక్ మందులతో ఆపగలిగిన జబ్బు ఇది. బ్రతికి బయటపడిన పిల్లలను శాపగ్రస్తులని ఇండ్లలో దాచిపెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది 2023 డిసెంబరులోనే. నైజీరియాలోని సోకోటో నోమా ఆసుపత్రిలోను, ఆఫ్రికా రేవులలో లంగరు వేసే మెర్సీ షిప్స్ ఆసుపత్రి ఓడలలోను శస్త్రవైద్యులు అటువంటి ముఖాలను ఓపికతో తిరిగి కడుతున్నారు. అయితే ఇంటి లోపల దాచిన బిడ్డ దగ్గరకు ఏ వైద్యుడు రాగలడు?

మన దేశంలో కేరళలోని త్రిస్సూరు అగ్రపీఠం వారి జూబిలీ మిషన్ ఆసుపత్రిని చూడండి. 1959లో డాక్టర్ హెచ్.ఎస్. అదెన్‌వాలా అనే యువ వైద్యుడు అక్కడికి వచ్చారు. తన జీవితాన్ని అక్కడే గడిపి, వేలాది మొర్రి బిడ్డలకు శస్త్రచికిత్స చేశారు. తాను నెలకొల్పిన కేంద్రానికి తన గురువు డాక్టర్ చార్లెస్ పింటో పేరు పెట్టారు. 2020లో కన్నుమూశారు. ఆయన క్రైస్తవుడు కాదు, పార్సీ. దారిలో గాయపడి ఉన్నవాని దగ్గర ఆగిన సమరీయుడు గుర్తుకు రావడం లేదా?

ఇక ఖర్చు మాట. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదటగా అమలైన మూడు జిల్లాలలో నాటి మహబూబ్‌నగర్ ఒకటి. 2016లో వేరు జిల్లాలైన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అప్పుడు అందులోనివే. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో, పుట్టిననాటి నుండి పద్దెనిమిదేండ్ల వరకు పిల్లలలో వెదకవలసిన లోపాలలో మొర్రి కూడ ఉన్నది. 1999లో స్థాపించిన స్మైల్ ట్రెయిన్ సంస్థ తన భాగస్వామ్య ఆసుపత్రులలో ఈ శస్త్రచికిత్సను ఉచితంగా చేయిస్తున్నది. దారి ఉన్నది. దారికి అడ్డం పడేది మన నాలుక, మన ఉదాసీనత.

మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో ప్రభువు చెవిటి, నత్తివాడైన ఒకనిని జనం నుండి ప్రక్కకు తీసుకొనిపోయి, అతని నాలుకను తాకారు. పదిమంది ఎదుట అతనిని వింతగా నిలబెట్టలేదు. జ్ఞానస్నాన సాంగ్యంలో గురువు బిడ్డ చెవులను, నోటిని తాకి ప్రార్థించే ఆచారం ఆ సంఘటన నుండి వచ్చినదే. చీలిన పెదవి గల బిడ్డ నోరు కూడ దేవుని స్తుతించడానికే సృష్టించబడింది. ఆ నోటిని తాకడానికి మనం వెనుకాడితే, మన జ్ఞానస్నానానికి అర్థమేమిటి?

కనుక ఈ వారం మూడు పనులు చేయండి. మీ ఇంట గాని, వాడలో గాని "మొర్రోడు", "మొర్రిది" అనే పిలుపు వినబడితే అక్కడే ఆపండి. ఆ బిడ్డకు జ్ఞానస్నానంలో పెట్టిన పేరుతో పిలవండి. అటువంటి బిడ్డ ఉన్న ఇంటికి వెళ్లి, తల్లితో "నీ తప్పు కాదమ్మా" అని చెప్పి, ఆశా కార్యకర్త దగ్గరకో అంగన్‌వాడీకో తోడుగా వెళ్లండి. తల్లిదండ్రులు వలస పనికి పోయి బిడ్డ అవ్వ దగ్గర ఉంటే, శస్త్రచికిత్స తేదీ దాటిపోకుండా ఆ అవ్వకు మీరే గుర్తు చేయండి. అవసరమైతే ఆసుపత్రిలో ఒక రాత్రి కాపలా ఉండండి.

కరుణామయుడైన ప్రభువు మన నోళ్ల నుండి నిందను తొలగించి, మన చేతులకు పని అప్పగించునుగాక. ఆమెన్.