తెలియని చోట గీత

నెల్లూరులో మాది చిన్న డెంటల్ ల్యాబు. డాక్టర్లు పేషెంట్ల నోట్లో తీసిన అచ్చులు పంపుతారు, మేం క్యాపులు చేసి పంపుతాం. ఇన్నేళ్లూ మైనంతో చెక్కడం, లోహం పోత పోయడం. నిరుడు స్కానరూ మిల్లింగ్ మెషినూ కొందామని బయల్దేరినప్పుడు ఇదంతా డబ్బు లెక్కే అనుకున్నాను. నాలుగు యాక్సిస్‌లా ఐదా, తడిగా కోసేదా పొడిగా కోసేదా, ఫైలు బయటికి తీసుకోనిస్తుందా లేక ఏటేటా కంపెనీకి కప్పం కట్టాలా? అవన్నీ అడిగాను. నన్ను ఆపేసింది మాత్రం వేరే సంగతి.

డాక్టరు అరగదీసిన పన్ను ఎక్కడ ఆగుతుందో క్యాపు అంచు సరిగ్గా అక్కడే ఆగాలి. ఆ అంచునే మార్జిన్ అంటాం. చాలాసార్లు అది చిగురు కింద ఉంటుంది. క్యాపు పెట్టాక పేషెంటుకి కనపడదు, డాక్టరుకీ సరిగా కనపడదు. 1971లో మెక్లీన్, వాన్ ఫ్రౌన్‌హోఫర్ అనే ఇద్దరు వెయ్యికి పైగా కేసులు చూసి, 120 మైక్రాన్ల సందు దాకా ఫర్వాలేదన్నారు. మామూలు కాగితం మందం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఇంకా పెరిగితే సిమెంటు కరిగి, పాచి చేరి, లోపల్లోపలే పన్ను పుచ్చుతుంది.

మా పెద్దాయన ఆ అంచుని డై మీద ఎర్ర పెన్సిల్‌తో గీస్తాడు. అచ్చు తీసేటప్పుడు చిగురు దగ్గర రక్తమో ఎంగిలో ఉంటే డై మీద అంచు కరిగిపోయినట్టు గుండ్రంగా వస్తుంది. అక్కడ పెన్సిల్ ఆగుతుంది. ఆగాక చాలాసార్లు ఊహించి గీసేశాం, ఎందుకు దాచాలి? అచ్చు మళ్లీ తీయమంటే మైపాడు వైపు నుంచి వచ్చే మనిషికి ఇంకో రోజు కూలి పోతుంది. రొయ్యల గుంటల దగ్గర పనిచేసే ఒకామెకి అలాగే, జాలిపడే, ఊహించి చేశాను. రెండేళ్లకి పన్ను విరిగి క్యాపు ఊడింది. డాక్టరు దాన్ని మాకు పంపాడు. నేనెక్కడ ఊహించానో అక్కడే పుచ్చు మొదలైందని చూడగానే తెలిసింది. ఇంకెవరికీ తెలియదు. ఆ జాలి ఆమె మీదేనా? డాక్టరుకి ఫోన్ చేసి మాట పడటం ఇష్టంలేని నా మీద కూడానా?

చెన్నైలో డెమోకి కావాలనే ఒక చెడ్డ డై పట్టుకెళ్లాం. స్కానర్ నిమిషాల్లో చదివేసింది. కంప్యూటరు దగ్గరున్న అబ్బాయి ఒక్క నొక్కు నొక్కాడు, చుట్టూ పచ్చగీత వచ్చేసింది. "ఆటోమేటిక్ సార్." అంచు లేని చోటా అదే పచ్చ, అంతే లావు. పెద్దాయన వంగి చూసి, "ఇదేంది సామీ, దీనికి తెలవదు అనే మాట రాదా?" అన్నాడు. గీత మొత్తం కలిస్తే తప్ప డిజైన్ ముందుకు పోదని ఆ అబ్బాయి ఓపిగ్గానే చెప్పాడు.

చేతిపనే గొప్పదని నా వాదన కాదు. పోతలో మైనం కుంచించుకుపోతుంది, లోహం కుంచించుకుపోతుంది. రుద్దేటప్పుడు లేచే దుమ్ము మా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. జిర్కోనియా కూడా కొలిమిలో ఇరవై శాతం దాకా చిన్నదవుతుంది, కాకపోతే మెషిన్ ఆ లెక్కేసుకుని ముందే పెద్దగా కోస్తుంది. 1973లో ఫ్రాన్స్‌లో ద్యురే తన థీసిస్‌లో కాంతితో అచ్చు తీయొచ్చన్నాడు. 1985లో జ్యూరిచ్‌లో మోర్మన్ పేషెంటు కుర్చీ పక్కనే పింగాణీ కోసి పెట్టి చూపించాడు. వాళ్లు తీసేసింది తప్పులు దొర్లే మెట్లనే. కానీ మా పెద్దాయన పెన్సిల్ ఆగింది కూడా అలాంటి ఒక మెట్టు మీదే. డై తప్పుగా ఉంటే స్కానర్ ఆ తప్పునే మైక్రాన్లలో చక్కగా కొలుస్తుంది.

చివరికి స్కానర్ ఒక్కటే కొన్నాం. ఫైలు బయటికి ఇచ్చేది, గీతని చుక్క చుక్కగా మనమే పెట్టుకోనిచ్చేది. కోతకి ఫైళ్లు చెన్నై పంపుతున్నాం; రాత్రంతా కొలిమి మండాలి, వేడి 1500 డిగ్రీల దాకా ఎక్కాలి, మా వీధి కరెంటుని నమ్మి ఆ పని పెట్టుకోలేను. అంచు కనపడకపోతే అక్కడ చుక్క పెట్టం. స్క్రీన్ ఫొటో తీసి డాక్టరుకి వాట్సాప్ చేస్తాం. ఇది మొదలుపెట్టాక ఇద్దరు డాక్టర్లు మాకు పని పంపడం మానేశారు.

నిన్న ఇంకొకటి వచ్చింది, కింది దవడ పన్ను, నాలుక వైపు అంచు లేదు. ఫొటో పంపాను. డాక్టరు ఫోన్ చేశాడు. "ఆయన ఎల్లుండి వేటకి పోతాడయ్యా, మళ్లీ ఎప్పుడొస్తాడో ఏమో. ఏదో ఒకటి చేసి పంపు." స్క్రీన్ మీద గీత ఆ చోట తెగే ఉంది. పెద్దాయన నా మొహం వంకే చూస్తున్నాడు. "రేపొక్క రోజు పిలిపించండి సార్, ఆ బస్సు చార్జీ నేనిస్తా" అన్నాను. అవతల కాసేపు మాట లేదు.