క్షేమముగ తిరిగివచ్చినవాని ధర్మము

సాహసించి క్షేమముగ తిరిగివచ్చినవానిని మనము ధీరుడందుము. అదే సాహసమున మరణించినవానిని అవివేకి యందుము. ఇరువురి నిర్ణయ మొక్కటియే యైనప్పుడు, ఫలమును బట్టి యిట్లు తీర్పు చెప్పుట న్యాయమా? మంచుకొండలలోని యొక సంగతిని చూచిన పిమ్మట ఈ ప్రశ్నను విచారింతము.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున, రాకీ పర్వతములయందు, శీతకాలారంభమున కురిసిన మంచు పలుచగా నేలపై నిలుచును. అడుగున నేల కొంత వెచ్చన. పైన గాలి మిక్కిలి చల్లన. అందుచే నీటియావిరి అడుగునుండి పైకెగయుచు మంచురేణువులను పంచదార పలుకులవలె మార్చును. అవి యొకదానినొకటి అంటుకొనవు. తరువాతి తుపానులు వానిపై గట్టిపొరలను పేర్చును. పైకి చూడ నంతయు తెలుపు, నునుపు, ప్రశాంతము. లోని దుర్బలమైన పొర మాత్రము వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు, అట్లే దాగియుండును. 30 డిగ్రీలకు మించిన వాలుపై ఒక్క మనుష్యుని బరువుచేతనే అది కూలవచ్చును. అప్పుడు పైమంచంతయు పలకగా విరిగి జారును. ఇట్లు మరణించువారిలో పెక్కుమందిపై బడిన మంచుచరియను కదల్చినవారు తామో, తమ తోడివారో యగుదురు.

అదే వాలును అంతకుముందు పదిమంది క్షేమముగ దాటియుండవచ్చును. వారు త్రొక్కినచోట పైమంచు మందము; పదునొకండవవాడు త్రొక్కినచోట పలుచన. భేద మంతియే. వారి యడుగుజాడలు వారి యదృష్టమునకు సాక్ష్యములు గాని మంచు బలమునకు గావు.

ఇయాన్ మెకామన్ అను పరిశోధకుడు అమెరికాలో జరిగిన 715 ప్రమాదములను పరిశీలించెను. మంచి శిక్షణ పొందినవారు సైతము, తమకు పరిచితమైన తావులలో, శిక్షణ చాలనివారితో ఇంచుమించు సమానముగ అపాయమున కెదురేగిరని యతడు కనుగొనెను. వారికి చదువు లేకపోలేదు. పరిచయము ఆ చదువును నిద్రపుచ్చినది.

మన యిండ్లలో మాత్రము? "ఇన్నాళ్లు చేసితిమి, ఏమైనది?" అను మాటతో ఎన్ని చెడ్డ యలవాట్లు నిలిచియున్నవో చదువరులే యెరుగుదురు.

కావున నిర్ణయమును నాటికి తెలిసిన సంగతులను బట్టి తూచవలెను గాని ఫలమును బట్టి కాదని మేము తలంచెదము. ఇట్లు తూచినచో మృతునిపై నింద తగ్గును. బ్రతికినవానిపై బాధ్యత పెరుగును. కొలరాడోలో మంచుచరియల సమాచార కేంద్రమొకటి కలదు. కొండలలో తిరుగువారు తాము చూచిన పగుళ్లను, విన్న ధ్వనులను, తప్పించుకొన్న గండములను దానికి తెలుపుచుందురు. తన పొరపాటును పదుగురిలో చెప్పుకొనుటకు సిగ్గుపడి మౌనము వహించినవాడు, తన వెనుక వచ్చువానికి తన యడుగుజాడలను మాత్రమే విడిచిపోవుచున్నాడు. వాడు వానిని నమ్మి నడచును.