మార్కులు వేసే చెయ్యి

యాప్‌లు వాడేవాళ్లకి ఎలా ఉన్నాయో చూసి మార్కులు వెయ్యడం నా ఉద్యోగం. ఈమధ్య ఏఐ సెర్చ్ యాప్‌లే ఎక్కువగా వస్తున్నాయి. అడిగినదానికి లింకుల వరస ఇవ్వకుండా, తామే నాలుగు పేజీలు చదివి జవాబు రాసి, ఎక్కణ్ణుంచి తెచ్చాయో తెలిసేలా వాక్యం చివర చిన్న అంకె పెడతాయి. వీటికి మార్కులు వేసేటప్పుడు నా చెయ్యి ఎటు మొగ్గుతోందో కొంతకాలంగా గమనిస్తున్నాను. వేగం వైపు మొగ్గుతోంది. తడబాటు లేని వాక్యం వైపు మొగ్గుతోంది.

మాది పల్నాడులో మిరప వేసే ఊరు. అందుకే ఏ యాప్ చేతికొచ్చినా ముందు ఇదే అడుగుతాను: ‘మిరపలో ముడత వచ్చింది, ఏ మందు కొట్టాలి?’ తోటలో పెరిగినవాళ్లకి తెలుసు, ఇది సగం ప్రశ్నే. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు. కిందికి ముడుచుకుని కాడ సాగితే తెల్లనల్లి. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ వల్లా ఆకు ముడుచుకుంటుంది, ఆ మొక్కని ఏ మందూ బాగుచెయ్యలేదు. పురుగు మందు వేరు, నల్లి మందు వేరు. 2021-22లో నల్ల తామర పురుగు పూతలో చేరి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మిరపని తినేసినప్పుడు, మందు మీద మందు మార్చి కొట్టిన ఇళ్లలో ఈ తేడా విలువ వేరే చెప్పక్కర్లేదు. మా నాన్నని అడిగితే వెంటనే మందు పేరు చెప్పడు. ఆకు తెంపి, తిరగేసి, అడుగున చూసి అప్పుడు మాట్లాడతాడు.

ఒక యాప్ క్షణంలో మందు పేరు, లీటరు నీటికి ఎంత కలపాలో, మళ్లీ ఎప్పుడు కొట్టాలో చక్కటి తెలుగులో చెప్పేసింది. ఇంకొకటి ‘ఆకు పైకి ముడుచుకుందా, కిందికా?’ అని నన్నే అడిగింది. మా నాన్న అడిగేదీ అదే. అయినా మొదటిది చదువుతుంటే పనైపోయిందన్న హాయి కలిగింది, రెండోదాన్ని చూడగానే విసుగొచ్చింది. మిరప గురించి తెలిసిన నాకే ఇలా ఉంటే, నేను ‘అనుభవం’ అని పేరుపెట్టి కొలుస్తున్నది ఈ హాయినేనా అన్న అనుమానం అప్పుడే పట్టుకుంది.

మా పనిలో ఎక్కువగా వాడేది 1986లో జాన్ బ్రూక్ తయారుచేసిన పది వాక్యాల పట్టిక. నూటికి లెక్కగడతాం, 68 దగ్గర సగటు. వాడటం తేలికా, గజిబిజిగా ఉందా, ఇంకొకరి సాయం కావాలా అని అడుగుతుంది. ధీమాగా వాడగలిగారా అనీ అడుగుతుంది. ఆ ధీమాకి ఆధారం ఉందా అని మాత్రం అడగదు. బటన్లూ మెనూలూ ఉన్న సాఫ్ట్‌వేర్‌కి అది సరిపోయింది. జవాబు చెప్పే యాప్‌కి సరిపోదు.

2023లో స్టాన్‌ఫర్డ్‌లో నెల్సన్ లియు బృందం ఇలాంటి నాలుగు సెర్చ్ సాధనాలని పరీక్షించింది. అవి రాసిన వాక్యాల్లో పక్కనున్న ఆధారాలు పూర్తిగా బలపరిచినవి 51.5 శాతమే. నన్ను కలవరపెట్టింది ఆ అంకె కంటే ఇంకో సంగతి: చదవడానికి సాఫీగా, ఎంతో పనికొచ్చేలా అనిపించిన జవాబుల్లోనే ఆధారాలు తక్కువగా సరిపోయాయి. అంటే నా చెయ్యి మొగ్గేది సరిగ్గా అటువైపే. ఆ తర్వాత యాప్‌లు చాలా మారాయి. నా మొగ్గు మారిందని మాత్రం అనుకోను.

మన భాషలో ఈ చిక్కు ఇంకా లోతుగా ఉంది. ఒక పరీక్షలో ఓ రైతమ్మ మాట్లాడి ప్రశ్న అడిగి, జవాబు విని, ‘బాగా చెప్పిందమ్మా’ అంది. అంకె నొక్కి చూడమన్నాను. ఇంగ్లీషు పీడీఎఫ్ తెరుచుకుంది. ఫోన్ నా చేతికిచ్చి, ‘ఇది నువ్వు చదివి చెప్పమ్మా’ అంది. ఆ అంకె ఆమెకి కాగితం మీది ఆఫీసు ముద్రలాంటిది, ఉందంటే చాలు. ఆ అంకెని నేనెలా చూస్తున్నానో కూడా నన్ను నేనే అడిగి చూసుకున్నాను. ఇంగ్లీషు చదవగలను. అయినా ఇంట్లో అమ్మ షుగర్ మాత్ర గురించి వెతికినప్పుడు అంకెలు కనబడితే ధైర్యం వస్తుంది, నొక్కను. ఉద్యోగంలో ఉన్న జాగ్రత్త ఇంటికొచ్చేసరికి ఉండదు. యాప్ ఎవరికోసమో, వాళ్లూ అలసిపోయి ఇంటికొచ్చినవాళ్లే.

ఇప్పుడు నా పట్టికలో కొత్త గళ్లు చేరాయి. సగం ప్రశ్న అడిగితే మిగతా సగం రాబట్టిందా? ఆధారంలోని అసలు వాక్యాన్ని తెలుగులో జవాబు పక్కనే చూపించిందా? తేల్చలేనిచోట ఆ మాట చెప్పి, మండల వ్యవసాయ అధికారి దగ్గరికో, తెలుగులో పలికే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కో పంపిందా? ఎదురు ప్రశ్న వేసే యాప్‌కి సమయం గడిలో మార్కులు తగ్గుతున్నాయి. తగ్గనిస్తున్నాను. ఎందుకు తగ్గాయో పక్కనే రెండు వాక్యాలు రాస్తున్నాను. యాప్ చేసేవాళ్లు చివరి మొత్తం ఒక్కటే చూసి వెళ్లిపోతారని తెలుసు కాబట్టి, ఆ వాక్యాలు రిపోర్టు మొదటి పేజీలోనే ఉండాలని పట్టుబడుతున్నాను.