గీత మీద పడితే లోపలే

మా అక్కయ్య భర్త జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. మా అమ్మాయి పదో తరగతి గట్టెక్కి ఇంటర్లో చేరబోతోంది. సాయంత్రం పూట బ్యాడ్మింటన్ మాత్రం మాననంటోంది. మానిపించాలని ఆయన, అక్కర్లేదని నేను. ఆదివారం భోజనాలయ్యాక మా మధ్య నడిచిన మాటలివి. రాస్తున్నవాణ్ణి నేనే కనుక తక్కెడ ఎటు మొగ్గుతుందో వేరే చెప్పక్కర్లేదు.

బావగారు: రెండేళ్లేనయ్యా. రెండేళ్లు రాకెట్ అటక మీద పెడితే కొంపేం మునగదు. ఈఏపీసెట్ అయ్యాక ఎంతైనా ఆడుకోమను.

నేను: సరిగ్గా ఆ రెండేళ్లే నాకు కావాలి బావగారూ. ఆ వయసు పిల్లకి ఓడిపోవడం అలవాటవ్వాలి. అదీ నేను వెళ్లి సర్దిచెప్పలేని చోట. స్కూల్లో మార్కులు తగ్గితే టీచర్ని కలుస్తాను. లెక్కలు రాకపోతే ట్యూషన్ పెడతాను. స్నేహితురాలితో మాటామాటా వస్తే వాళ్లమ్మకి మీ చెల్లెలు ఫోన్ చేస్తుంది. కోర్టులో నా పప్పులేం ఉడకవు. ర్యాలీ నడుస్తున్నంతసేపు కోచ్ కూడా సలహా చెప్పకూడదు, ఇక తండ్రెంత? 11 పాయింట్ల దగ్గర ఒక్క నిమిషం విరామం. అప్పుడు దగ్గరికెళ్లేదీ కోచే. నేను గ్యాలరీలో వాటర్ బాటిల్ పట్టుకుని కూర్చోవాలి.

బావగారు: ఓడిపోవడం నేర్పడానికి ఇంత ఖర్చెందుకు? మా కాలేజీలో వీకెండ్ టెస్టులున్నాయి. వారం వారం ఓడిపోతూనే ఉంటారు, ఫీజులోనే.

నేను: మీ టెస్టులో ఎవరి చేతిలో ఓడారో పిల్లకి తెలియదు. నోటీసు బోర్డు మీద పేరు కిందికి దిగుతుంది, సెక్షన్ మారుస్తారు, అంతే. ఇక్కడ ఓడించిన పిల్ల ఎదురుగా నిలబడి ఉంటుంది. ఏడుపు తన్నుకొస్తున్నా నెట్ దాకా వెళ్లి చెయ్యి కలపాలి. ఆ తర్వాత అదే బెంచీ మీద, ఆ పిల్ల పక్కనే కూర్చుని బూట్ల లేసులు విప్పుకోవాలి. సింధునే చూడండి. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో మొదటి గేమ్ 21-19తో గెలిచి, తర్వాతి రెండూ 12-21, 15-21తో మారిన్‌కి వదులుకుంది. 2017లో గ్లాస్గోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ గంటా యాభై నిమిషాలు ఆడి, చివరి గేమ్ 20-22తో ఒకుహరకి ఇచ్చేసింది. 2018 ఆగస్టులో నాన్‌జింగ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మళ్లీ మారిన్ చేతిలో, అదే నెల జకార్తా ఆసియా క్రీడల్లో తై జు యింగ్ చేతిలో ఓడింది. అన్నీ ఫైనల్సే. అన్నీ ఊరూవాడా టీవీల్లో చూస్తుండగానే. 2019లో బాసెల్‌లో అదే ఒకుహరని 21-7, 21-7తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయింది. మధ్యలో రాకెట్ అటక మీద పెట్టి ఉంటే?

బావగారు: లక్షల్లో ఒక్క సింధు. మిగతా పిల్లల సంగతో?

నేను: నేను మాట్లాడేది ఆ మిగతా పిల్లల గురించే. మా పిల్ల జిల్లా దాటుతుందని కూడా నేననుకోవడం లేదు.

(అలాంటప్పుడు సింధుని ఎందుకు పట్టుకొచ్చావని ఆయన అడగలేదు. నేనూ గుర్తుచేయలేదు.)

బావగారు: దెబ్బలు తగిలితే? ఆడపిల్ల, మోకాలు పోతే?

నేను: 1994లో గోపీచంద్ మోకాలు దెబ్బతింది. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు.

బావగారు: సరేలే. కానీ తండ్రి గ్యాలరీలో నోరు మూసుకుని కూర్చోవాలనడం నాకు మింగుడుపడటం లేదు. కోనేరు అశోక్ గారు దగ్గరుండి నేర్పారు కాబట్టే కదా, 2002లో హంపి పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది?

నేను: ఆయనకి చదరంగం వచ్చు. నాకు బ్యాడ్మింటన్ రాదు.

బావగారు: అదీ నిజమే. పోనీ, అసలు సంగతి అడుగుతాను. ఆట పిల్లలకి బుద్ధి నేర్పుతుందంటారు చూడు, అక్కడే నాకు నమ్మకం పోయింది. మా కాలేజీ పిల్లల్ని తీసుకుని జిల్లా పోటీలకి వెళ్లాను. మొదటి రౌండ్లకి లైన్ జడ్జీలుండరు. కుర్చీలో ఓ సీనియర్ కుర్రాడు కూర్చుని స్కోరు పలుకుతుంటాడు. వెనక గీత సంగతి ఆడేవాళ్లే చెప్పుకోవాలి. మూడో గేమ్, 19-19. నేను సరిగ్గా ఆ గీత వెనకే నిలబడ్డాను. కార్కు టక్కుమని తెల్ల గీత మీద పడింది. గీత మీద పడితే లోపలే కదా. మా వాడు పిడికిలి బిగించాడు కూడా. అవతలి కుర్రాడు వెంటనే ఏమీ అనలేదు. తలెత్తి గ్యాలరీ వైపు చూశాడు. అక్కడ వాళ్ల నాన్న రెండు చేతులూ పక్కలకి చాపాడు. ఔటన్నమాట. కుర్రాడూ అదే సైగ చేశాడు. 20-19. తర్వాతి పాయింటూ వాడిదే. ఏం నేర్పిందయ్యా నీ ఆట వాడికి?

నేను: ఆ కుర్రాడు తలెత్తి చూశాడన్నారు. ఎందుకు చూశాడు? లోపల పడిందని వాడికి తెలుసు కనుక. తెలియకపోతే చూడక్కర్లేదు, అప్పుడే ఔటనేవాడు. ఆ కాస్త తటపటాయింపు దాకా ఆట నేర్పింది. మిగతాది గ్యాలరీ నేర్పింది.

బావగారు: కానీ ఆట అడ్డుకోలేదుగా. అబద్ధమాడినవాడే గెలిచాడు.

నేను: అడ్డుకోలేదు. ఆట పోలీసు కాదు. మీరు వయసు సర్టిఫికెట్ల సంగతి ఎత్తకముందే నేనే ఎత్తుతాను. అండర్-14లో మీసాలొచ్చిన వాళ్లు దిగుతారని ఎవరిని అడిగినా చెబుతారు. క్రికెట్ బోర్డు అయితే పిల్లల మణికట్టుకి ఎక్స్‌రే తీయించి ఎముకల వయసు చూస్తోంది. కానీ పద్నాలుగేళ్ల పిల్లవాడు పుట్టిన తేదీ మార్పించుకోవడానికి మున్సిపల్ ఆఫీసుకి ఒక్కడే వెళ్లగలడా? వెంట ఓ పెద్దమనిషి ఉండాలి. సంతకం పెట్టేవాడు ఉండాలి. మీరు ఏ మోసమైనా చెప్పండి, దాని వెనక వయసొచ్చిన చెయ్యొకటి నేను చూపిస్తాను. పిల్లలంతట వాళ్లు చేసే తొండి ఉందే, అది గల్లీ క్రికెట్‌లోనే తేలిపోతుంది. రెండోసారి తొండి చేసినవాణ్ణి మూడోరోజు ఆటకి పిలవరు.

బావగారు: పెద్దవాళ్లు లేకుండా ఇప్పుడు ఆటెక్కడుంది? ఫీజు, కోచ్, డ్రాప్, పికప్, అన్నీ మీరేనాయె. మా రోజుల్లో లేరు. మేం బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాళ్లం, తెలుసుగా? పసుపుపచ్చ ఊలు బంతి. పక్కకి అయిదుగురు. మట్టి కోర్టు, మధ్యాహ్నమే నీళ్లు చల్లి, సున్నంతో గీతలు మేమే గీసేవాళ్లం. బంతి గీత మీద పడితే ఊలుకి సున్నం అంటుకునేది. ఎవడైనా ఔటంటే బంతి తిప్పి మొహమ్మీద పెట్టేవాళ్లం. ఇంక వాదనేముంది! కొత్త బంతి అయితే ఒక రకం, నాలుగు ఆటలయ్యాక పీచు రేగి మరో రకం. నేను వెనక ఆడేవాణ్ణి. కట్ కొడితే అవతలివాడు ముందుకి పడి మోకాళ్లు చీరుకునేవాడు. బాపట్లలో ఓసారి ఫైనల్ దాకా వెళ్లాం.

నేను: గెలిచారా?

బావగారు: ఎక్కడ! చివరి బంతి నెట్‌కి కొట్టింది నేనే. తిరుగు ప్యాసింజర్‌లో తెనాలి దాకా ఒక్కడూ నాతో మాట్లాడలేదు. తెనాలిలో మా కెప్టెన్ దిగి మిరపకాయ బజ్జీలు తెచ్చి పొట్లం ముందు నా చేతికిచ్చాడు.

నేను: చూశారా. ఇన్నేళ్లకీ ఆ బంతి గుర్తుంది. ఇంటర్ కెమిస్ట్రీలో మీకెన్ని మార్కులో గుర్తుందా?

బావగారు: ఎందుకు గుర్తుండదు? అరవైకి యాభై ఒకటి.

ఈ జవాబు నేననుకున్నది కాదు. లెక్చరర్లని ఈ ప్రశ్న అడగకూడదు. దాన్నలా వదిలేసి ముందుకెళ్లాను.

నేను: ఆ రోజు మీ నాన్నగారు బాపట్ల వచ్చారా?

బావగారు: ఆయనకి నేను ఆడతానన్న సంగతే తెలియదు. పుస్తకాల సంచిలో నిక్కరు దాచుకుని వెళ్లేవాణ్ణి.

నేను: వచ్చి ఉంటే రైల్లో ఏమనేవారు?

బావగారు: ఏమంటారు, ఆ బంతి ఎలా కొట్టాల్సిందో ఇంటిదాకా చెప్పేవారు. బజ్జీల పొట్లం మా కెప్టెన్ నాకిచ్చేవాడు కాదు, ఆయనకిచ్చేవాడు. సరేనయ్యా, ఆడనీ పిల్లని. ఒప్పుకున్నాను.

ఖర్చు సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నా దగ్గర గట్టి జవాబు లేదు. ఈకల షటిల్ ఒకటి మంచి స్మాష్‌లు పడితే గేమ్ కూడా నిలవదు. పదహారు ఈకల్లో రెండు విరిగితే అది గాల్లో తిన్నగా పోదు, ఇంకోటి తీయాల్సిందే. కోచింగ్ ఫీజు నెల నెలా కట్టగల ఇళ్ల పిల్లలకే ఈ ఓటమి దక్కుతోందన్నది వేరే వ్యాసం.

బావగారు: అయితే మావాణ్ణి కూడా తీసుకెళ్లరాదూ? పదహారు నిండాయి. గదిలోంచి బయటికి రాడు, అడిగిన దానికి ఊఁ అంటే ఊఁ. ఆలస్యమైపోయిందా?

నేను: ఆలస్యమేం లేదు. రాకెట్ కొనకండి, అమ్మాయి పాతది ఉంది. బూట్లు మాత్రం కొనండి, నాన్ మార్కింగ్ సోల్ అని అడిగి మరీ. మామూలువి వేసుకొస్తే కోర్టులోకి అడుగు పెట్టనివ్వరు. రేపు సాయంత్రం ఆరింటికి. వాణ్ణి ఒక్కణ్ణే పంపండి.

బావగారు: ఆరింటికి వాడికి స్టడీ అవర్ ఉంది. టైం టేబుల్ వేసింది నేనే. అయిదింటికి కుదురుతుందేమో మీ కోచ్‌ని అడుగు.