హక్కు యంత్రమునకా, మనుష్యునకా?

1997లో హోసూరునందలి మా తెలుగువారి సంఘము వెలువరించిన సంచికను మరల అచ్చువేయింపవలెనని క్రిందటి యేడు తలపెట్టితిమి. అచ్చుప్రతి యొక్కటే దొరకినది; అందు నాలుగు పుటలను చెదలు తినివేసినవి. ఈ ప్రాంతపు స్త్రీలు పాడుకొను దంపుడు పాటలను గూర్చి ఒక పెద్దమ్మగారు వ్రాసిన వ్యాసము ఆ పుటలయందే కలదు. ఆమె నేడు లేరు.

వ్యాసములన్నియు సి.డి.లో భద్రముగనే యుండెను. కాని తెఱచి చూడగా తెరపై అర్థములేని రోమను అక్షరములును గుర్తులును బారులు తీరియుండెను. నాడు మేము వాడిన ప్రోగ్రాము తెలుగును తన సొంత సంకేతములలో దాచుకొనెడిది. అది మేము సొమ్మిచ్చి కొన్నదే. దానితో విక్రేత బొటనవ్రేలంత ‘లాకు’ నొకదానిని ఇచ్చెను. కంప్యూటరు వెనుక ప్రింటరు తీగ తగిలించు చోట దానిని తగిలించిననే గాని ప్రోగ్రాము నడవదు. నేటి కంప్యూటర్లకు అట్టి చోటే లేదు. విక్రేత వ్యాపారము మాని చాలకాలమైనది. ప్రసిద్ధములైన పాత ఫాంట్లకు మార్పిడి సాధనములు కలవు గాని, మాది అంత పేరుపడినది కాదు.

ఇట్టి తాళములు వేయువారి పక్షమున న్యాయము లేకపోలేదు. 1976లోనే బిల్ గేట్స్ వేడుకకు కంప్యూటర్లతో పనిచేయువారి నుద్దేశించి ఒక బహిరంగలేఖ వ్రాసి, ఆల్టెయిర్ కంప్యూటరు గలవారిలో నూటికి పదిమందియైన తమ బేసిక్ ప్రోగ్రామును కొనలేదని నిష్ఠురమాడెను. పుస్తకమును దొంగిలించినచో సొంతదారుని యింట ఒక పుస్తకము తగ్గును. ప్రోగ్రామునకు నకలు తీసినచో మూలము చెక్కుచెదరదు; కావున అది దొంగతనమని మనస్సునకు తోచదు. తెలుగు అక్షరములు గీచి ప్రోగ్రాము వ్రాసినవానికి కొనువారే కొలది. ఒక ప్రెస్సువారు కొని పది ప్రెస్సులవారు నకలు తీసికొన్నచో వాని శ్రమకు కూలియైన గిట్టదు. (నేనును ఒకప్పుడు అట్లు చేసినవాడనే, చెప్పుకొనుటకు సిగ్గుగానున్నది.)

తరువాతి కాలమున తాళము కంటికి కానరానిదైనది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ, కంప్యూటరు భాగముల గుర్తులను కూర్చి ఒక సంఖ్య చేసికొని, దానిని మైక్రోసాఫ్టువారికి తెలిపి అనుమతి పొందెడిది. ఒకటి రెండు భాగములు మార్చిన ఊరకుండెడిది. పెక్కు మార్చినచో మరల అనుమతి కోరెడిది.

సొమ్మిచ్చినది మనుష్యుడు, హక్కు నిలిచినది యంత్రమందు. యంత్రము పాడగుట సహజమే కదా! మన 1957 నాటి కాపీరైటు చట్టమునందలి 52వ సెక్షను, ప్రోగ్రామును న్యాయముగా పొందినవాడు అది నశింపకుండుటకై రక్షణార్థము నకలు తీసికొనవచ్చునని చెప్పుచున్నది. 2012లో చేర్చిన 65ఏ సెక్షను, హక్కులను అతిక్రమించు ఉద్దేశముతో ఇట్టి తాళములను ఛేదించిన వానికి రెండేండ్లవరకు కారాగారము విధించుచున్నది. చట్టము ఉద్దేశమును విచారించును, తాళము విచారింపలేదు.

మీరు కొన్నది ప్రోగ్రామును కాదు, వాడుకొను అనుమతిని మాత్రమే యని అమ్మినవారందురు. ఒప్పందమునందు అట్లే యుండును. ప్రోగ్రాము వారిదే యగుగాక, అందు మేము వ్రాసికొన్న వ్యాసములు ఎవరివి? తాళము వేయుట తప్పని నేననను. వేసినవాడు యంత్రము మారినపుడు హక్కును మార్చి యీయవలెను. వ్యాపారము మానునపుడు తాళము తీసి పోవలెను. ఇంతమాత్రము కోరుట అత్యాశయని నాకు తోచదు.

మా సంఘపు యువకుడొకడు చెదలు తినని పుటలను ముందుంచుకొని, ఏ గుర్తు ఏ అక్షరమో పోల్చి పట్టిక వ్రాయుచున్నాడు. గుణింతములు ముగిసినవి. ఇప్పుడు ఒత్తులవద్ద నున్నాడు.