చౌక చదువు: ఎవరికి చౌక?

విద్య అమూల్యమని పెద్దలు చెప్పుదురు. అమూల్యమైన దానిని తక్కువ ఖర్చుతో సంపాదింపగోరుట పరిమితమైన రాబడితో సంసారము గడుపుకొనువారికి సహజమే. నేను గుమాస్తా పని నుండి విరమించిన పిమ్మట, దరఖాస్తులు వ్రాయుట నాకు అలవాటని ఎఱిగి, రంభలోని మన తెలుగువారు కొందరు తమ బిడ్డల విదేశ విద్యకు సంబంధించిన కాగితములు పట్టుకొని మా యింటికి వచ్చుచుందురు. "ఏ దేశములో చౌక?" అని వారడుగుదురు. తెలిసినంత చెప్పుచుందును. కాని ఆ ప్రశ్న వెనుక మరియొక ప్రశ్న కలదు. చౌక ఎవరికి? దానిని గూర్చియే నాలుగు మాటలు వ్రాయదలచితిని.

విదేశ విద్య మన ప్రాంతమునకు క్రొత్త కాదు. గంజాము 1936 వరకు మద్రాసు రాజధానిలో నుండెను. ఆ దినములలో, 1894లో బరంపురమున జన్మించిన వరాహగిరి వేంకటగిరిగారు అక్కడి ఖల్లికోట కళాశాలలో చదివి, 1913లో న్యాయశాస్త్రమునకై ఐర్లండులోని డబ్లిన్ నగరమునకు వెళ్లిరి. అచ్చటి స్వాతంత్ర్యవాదులతో సంబంధము గలదని 1916లో వారిని ఆ దేశము విడిచిపొమ్మనిరి. వారు తిరిగివచ్చి న్యాయవాదియై, కార్మిక నాయకుడై, 1969లో రాష్ట్రపతి అయిరి. వారి తండ్రి జోగయ్య పంతులుగారు బరంపురమున పేరొందిన న్యాయవాది. కుమారుని పంపుటకు స్తోమతు గలవారు. తన సొమ్ము తానే వెచ్చించిరి.

గిరిగారు పుట్టిన అయిదు నెలలకు, 1895 జనవరిలో, భీమవరమున ఎల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిరి. ఆయనకు అట్టి కలిమి లేదు. 1922లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పోవుటకు మామగారు సాయపడిరి. రంగూనులో ధనమార్జించిన మల్లాడి సత్యలింగ నాయకరుగారి పేర కాకినాడలోనున్న ధర్మసంస్థయు సాయపడెను. బోస్టను నగరమున ఆయన ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేసి పొట్టపోసికొనెను. అటుపిమ్మట ఫోలిక్ ఆమ్లము, ఆరియోమైసిన్ మొదలైన ఔషధములు లోకమునకు లభించుటకు ముఖ్యకారకుడయ్యెను. కాని 1948లో న్యూయార్కున మరణించువరకు స్వదేశమునకు తిరిగి రాలేదు. భార్య శేషగిరిగారు ఇక్కడనే యుండిపోయిరి. ఆ చదువు వలన లోకము బాగుపడినది, నిజమే. అయినను దాని ఖర్చు వ్రాయునపుడు ఓడ చార్జీని, కళాశాల రుసుమును మాత్రమే వ్రాసి, ఆ యిల్లాలి యేండ్లను వ్రాయకున్నచో ఆ లెక్క పూర్తి కాదు.

ఇక నేటి సంగతి. జర్మనీలో అనేక ప్రభుత్వ విశ్వవిద్యాలయములు పరదేశ విద్యార్థుల వద్దను బోధన రుసుము తీసికొనవు. అన్నియు అట్లు కావు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రము 2017 నుండి యూరోపియన్ సమాఖ్యకు వెలుపలివారిపై అర్ధసంవత్సరమునకు 1,500 యూరోలు విధించుచున్నది. ఒకప్పుడు ఉచితముగా చదువు చెప్పిన నార్వే 2023లో రుసుము ప్రవేశపెట్టినది. రుసుము లేని చోటనైనను తిండి, అద్దె, బీమా తప్పవు. జర్మనీకి పోవువాడు ఒక సంవత్సరపు ఖర్చు ముందుగనే ప్రత్యేక ఖాతాలో నిలువ చూపవలెను. 2024 సెప్టెంబరులో నిర్ణయించిన ప్రకారము అది 11,904 యూరోలు, అనగా పది లక్షల రూపాయలకు పైమాటే. ఆ ఖాతా నుండి నెలకు 992 యూరోలు మాత్రమే తీసికొనవచ్చును. తెలుగు రాష్ట్రముల విదేశ విద్యా పథకములు అక్కడి నివాసులకే గాని ఒడిశాలో స్థిరపడిన మనకు వర్తింపవు. షెడ్యూల్డు కులములవారికి, భూమిలేని వ్యవసాయ కూలీల బిడ్డలకు, సంప్రదాయ చేతివృత్తులవారికి కేంద్రప్రభుత్వపు జాతీయ విదేశ విద్యార్థి వేతనము కలదు. అర్హులు దానిని విడువరాదు. తక్కినవారికి మిగులునది అప్పు, లేదా ఇంటిలోని నిలువ.

ఆ నిలువ ఎవరిది? ఇచ్చట నా కథ చెప్పక తప్పదు.

పదేండ్ల క్రిందట మా అబ్బాయిని జర్మనీకి పంపితిని. బోధన రుసుము లేదు గనుక ఎంత చౌకగా పని జరిగినదో అని పదిమందితో చెప్పుకొంటిని. ఖాతాలో చూపవలసిన మొత్తమునకు నా ప్రావిడెంటు ఫండు చాలలేదు. అమ్మాయిని బరంపురమున నర్సింగు చదువులో చేర్చుటకై దాచిన సొమ్ము కూడ అందులో కలిపితిని. "వచ్చే యేడు చూద్దాం" అని ఆమెతో అంటిని. వచ్చే యేడు పెండ్లి చేసితిమి. జీవితమంతయు ఒరుల చిట్టాలలో అణా పైసలు తప్పుపోకుండ కూడిక వేసిన నేను నా యింటి చిట్టాలో ఒక పద్దు వ్రాయక విడిచితిని.

కుటుంబములో ఒకడు పైకి వచ్చిన తక్కినవారిని లాగుకొనివచ్చును గదా యని కొందరందురు. నేనును అట్లే యనుకొంటిని. అది ఆశ. ఆశపడుటకు నాకు హక్కు కలదు. ఆ ఆశకు నా సొమ్ము ఒడ్డుటకును హక్కు కలదు. మరియొకరి భాగము ఒడ్డుటకు హక్కు లేదు. తెలిసి, ఇష్టపడి యిచ్చినది దానము. తెలియనీయక తీసికొన్నది అప్పు. ఆ అప్పు తీసికొన్నవాడను నేను. అంతటితో పోలేదు. ఆ సొమ్ము ఎక్కడిదో అబ్బాయికి చెప్పలేదు. కొన్నేండ్లకు తెలిసినపుడు అతడు చాల నొచ్చుకొనెను. ఒక బిడ్డ భాగము తీసికొంటిని. మరియొక బిడ్డ నెత్తిన వాడెఱుగని బరువు పెట్టితిని.

కడచిన యేడు ధైర్యము చేసి అమ్మాయితో ఈ మాట యెత్తితిని. ఆమె కోపపడలేదు. "అడిగి ఉంటే నేను వద్దనేదాన్ని కాదు నాన్నా. అడగలేదు. అదే బాధ" అన్నది. నాకు అంతకన్న గొప్ప ధర్మశాస్త్రము అక్కరలేకపోయినది.

కావున ఈ ప్రయత్నమునకు పూనుకొను సోదరులకు నా మనవి. బిడ్డలను పంపవలదని నేననను. దూరపు కొండలు నునుపు గనుక ముందు దగ్గరి విద్యాలయములను చూడుడు. బరంపురమున 1967 నుండి విశ్వవిద్యాలయము, 2016 నుండి కేంద్రప్రభుత్వపు విజ్ఞాన విద్యాసంస్థ ఉన్నవి. పంపుటకే నిశ్చయించినచో ఇంటివారినందరిని కూర్చుండబెట్టి, ఎంత కావలెనో, ఎక్కడినుండి తీయుదురో చెప్పుడు. ఆడపిల్లను కూడ అడుగుడు. ఆమె వద్దన్నచో ఆ మాటను మన్నింపుడు. పోవు బిడ్డకు ఆ లెక్క తెలియజేయుడు. తిరిగి రమ్మని, తీర్చుమని వానిని బంధింపవలదు. ఎవరి భాగము ఎంత పడినదో తెలిసినవాడు తాను చేయవలసినది తానే తెలిసికొనును.

మా యింటికి కాగితములతో వచ్చువారిని ఇపుడు నేను మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: "ఇంట్లో అందరినీ అడిగారా?" కొందరు మారుపలుకక లేచిపోవుదురు. కొందరు మరునాడు భార్యను, కూతురిని వెంటబెట్టుకొని వత్తురు. వారి దరఖాస్తు నేను సంతోషముతో వ్రాసి యిత్తును.