వేషము విప్పిన తరువాత

ఒక వృత్తిని స్వీకరించి, అందులో పేరును జీవనోపాధిని సంపాదించుకొనిన గృహస్థుడు రాత్రివేళ ముఖమునకు రంగు పూసికొని రంగస్థలమెక్కినచో స్వధర్మమునకు లోపము కలుగునా? కృష్ణా డెల్టాలో ఈ ప్రశ్న తర్కము కొరకు పుట్టినది కాదు. ఇచ్చట వకీళ్లును, వైద్యులును, ఉపాధ్యాయులును నాటకములాడిరి. తెనాలిలో వైద్యము చేయుచుండిన గోవిందరాజుల సుబ్బారావు గారి నటన తెలుగువారికి సుపరిచితము. కోతలు ముగిసి ధాన్యము ఇల్లు చేరిన పిమ్మట పల్లెలలో నాటకములు తెల్లవారువరకు సాగెడివి.

ఈ విషయమున బందా కనకలింగేశ్వరరావు గారి జీవితము ప్రత్యేకముగా విచారింపదగినది. ఆయన 1907లో నాటి కృష్ణా జిల్లా కైకలూరు ప్రాంతమందలి ఆటపాకలో జన్మించిరి. ఏలూరులో న్యాయవాదిగా ఉండిరి. ఆయనకు కీర్తి తెచ్చిన పాత్రలలో కాళ్లకూరి నారాయణరావు గారి 'చింతామణి' నాటకమందలి బిల్వమంగళుడు ముఖ్యమైనది. వేశ్యావ్యామోహమున కన్నుగానని బిల్వమంగళుడు ఆమె మాటచేతనే మేల్కొని, కృష్ణభక్తుడై లీలాశుకుడయ్యెనని పెద్దలు చెప్పుదురు. పగలు కక్షిదారుని పక్షమున వాదించిన కంఠమే రాత్రి ఆ పశ్చాత్తాపమును పలుకవలెను. ఇందులో ఏది నిజమైన కంఠము?

రెండును వేషములే యని వేదాంతి సులభముగా చెప్పవచ్చును. కాని కొంత భేదమున్నది. రంగస్థలముపై కట్టిన వేషము వేషమని నటునకు తెలియును. తెర పడగానే కిరీటము పెట్టెలో చేరును, రంగు కొబ్బరినూనెతో పోవును. న్యాయస్థానమునకు తొడుగుకొనిపోవు నల్లకోటు వేషమని ఎందరికి తోచును? ఇంటికి వచ్చి కోటు విప్పినను, దానితో వచ్చిన అధికారమును, పట్టుదలను, వాదనలో గెలువవలెనను తహతహను విప్పనివారే పెక్కురు. భార్యతోను, బిడ్డలతోను వారు వాదించుచునే యుందురు. ఔత్సాహిక నటునకు వేషము విప్పుట నిత్యాభ్యాసము. ఆ అభ్యాసము పగటి వృత్తికి సోకినచో దానికి లోపము లేదు, మేలే కలుగును.

అయితే కళ దానంతట అదియే పావనము చేయునని అనుకొనుట పొరపాటు. అదే 'చింతామణి'లో సుబ్బిశెట్టి పాత్ర చుట్టు చేరిన చౌకబారు హాస్యము కాలక్రమమున పెరిగి ఒక వర్గమువారి మనస్సులను నొప్పించినది. 2022లో రాష్ట్ర ప్రభుత్వము ఆ నాటక ప్రదర్శనను నిషేధించినది. ఒకే నాటకము ఒకరిచేత భక్తికి ద్వారమైనది, వేరొకరిచేత నవ్వుల అంగడియైనది. నటుని అంతరంగమునకు కొలత చప్పట్లు కాజాలవు. 'వన్స్ మోర్' అను కేక విని పద్యమును మరల అందుకొనునపుడు అహంకారము కూడ ఒక రాగము తీయును!

విద్యారణ్యస్వామి 'పంచదశి'లో నాటకదీపమను ప్రకరణమున్నది. నాట్యశాలలోని దీపము యజమానుని, సభ్యులను, నర్తకిని సమముగా వెలిగించును. వారందరు వెడలిపోయిన పిమ్మటను తానట్లే వెలుగుచుండును. సాక్షి అట్టిదని స్వామి బోధ. గ్రంథములో చదివినవానికి అది ఉపమానము. నాటకము ముగిసి, జనము చాపలు చుట్టుకొని పోయినపుడు, ఖాళీ పందిట్లో పెట్రోమాక్సు లైటు క్రింద ఒంటరిగా కూర్చుండి రంగు తుడుచుకొను నటునకు అది అనుభవము. రాజును కానని ఎరిగినట్లే వకీలును కూడ కానని ఆ క్షణమున అతనికి తోచవచ్చును. తోచకపోవచ్చును కూడ, అది అతని పుణ్యము.

కనకలింగేశ్వరరావు గారు తమ వేషముతో తృప్తిపడలేదు. కూచిపూడి నాట్యమును లోకమునకు చాటుటకును, ఆ గ్రామమున సిద్ధేంద్ర కళాక్షేత్రమును నిలుపుటకును పాటుపడి 1968లో కన్నుమూసిరి. ఆ ఊరి ఆచారమొకటి ఇచ్చట జ్ఞాపకము చేసికొనదగినది. అచ్చటి భాగవతుల ఇండ్ల పుట్టిన ప్రతి పురుషుడును జన్మలో ఒక్కసారియైన సత్యభామ వేషము కట్టవలెనని సిద్ధేంద్రయోగి నియమించెనని ప్రతీతి. నటనయే జీవితముగా గలవానికి మాత్రమే విధించిన నియమము కాదది. ఏ పని చేసికొని బ్రతుకువాడైనను, పురుషుడనను గర్వమును జడతోపాటు ఒకనాడు వెనుకకు వేసికొని, స్వామి విరహమున వేగు స్త్రీగా సభలో నిలువవలెను.

విజయవాడ గాంధీనగరమందలి హనుమంతరాయ గ్రంథాలయమున ఎన్నో నాటకములు ప్రదర్శింపబడినవి. అట్టి వేదికలపై రాముడుగా, నారదుడుగా, సత్యభామగా నిలిచిన ఉద్యోగులు, ఉపాధ్యాయులు మరునాడు పది గంటలకు తమ తమ కుర్చీలలో ఉండవలసినవారే. చెవి వెనుక తుడువక మిగిలిన కొంచెము రంగు ప్రక్కకుర్చీవాని కంటబడగా, అతడు నవ్వి ఊరకుండును.